పై అరలో పెట్టిన డబ్బాలు

మా ముత్తాత జగన్నాథరావు గారు ఏడూళ్లకు మాలీపటేలు, అంటే శిస్తు వసూలు చేసే అధికారి. ఆయన కొడుకు, మా తాత రాఘవరావు గారు, చండ్రుగొండ చుట్టుపక్కల అడవిలో పద్దెనిమిదేళ్లు తునికాకు కంట్రాక్టు చేశారు. ఎండాకాలం వస్తే బీడీ ఆకు లారీలు మా గుమ్మం ముందు నుంచే కదిలేవి. మా నాన్న నరసింగరావు గారు ఏ పనీ చేయలేదు. చేయవలసిన అవసరం ఉందని ఆయన ఎన్నడూ ఒప్పుకోలేదు. అశ్వారావుపేటలోని మా ఇంటి నుంచి ఏది బయటికి వెళ్లినా, ధాన్యమైనా, భద్రాచలం రాములవారి కల్యాణానికి ఏటా పంపే తలంబ్రాల బియ్యమైనా, పెళ్లికి పంపే చీరలైనా, మూటగట్టి, ముడి మీద ఎర్రలక్క కరిగించి, మా ఇత్తడి ముద్ర ఒత్తి పంపేవారు. ఆ ముద్ర ఉన్నదాన్ని తెచ్చినవారి ఎదుట విప్పి చూడటం మమ్మల్ని దొంగలనడంతో సమానం. ఆ మాట నేను అక్షరాల కన్నా ముందే నేర్చుకున్నాను.

ఇవన్నీ నిన్న మధ్యాహ్నం కొత్తగూడెంలో ఒక జిరాక్సు షాపులో గుర్తొచ్చాయి. మా అమ్మాయి సర్టిఫికెట్‌కు లామినేషన్ చేయించడానికి వెళ్లాను. యంత్రంలోంచి అది వేడిగా బయటికి రాగానే కాగిన ప్లాస్టిక్ వాసన ముక్కుకు తగిలింది. నా బొటనవేలు నాకు తెలియకుండానే ఆ అంచు వెంట పాకింది. "సార్, కాల్తది. జర సల్లారనియ్యున్రి," అన్నాడు షాపతను. అంచును అలా తడమడం నాకు నేర్పిన మనిషి పేరు హీరమ్మ. ఆమెను మీరెవరూ చూసి ఉండరు. కిందటేడు వానాకాలంలో పోయింది.

హీరమ్మది చండ్రుగొండ దగ్గరి ఒక తండా. భర్తకు బొగ్గుగనిలో ఉద్యోగం రావడంతో కొత్తగూడెం వచ్చి స్థిరపడింది. ఆయన పోయాక బజారులో చిన్న దుకాణం పెట్టింది. బొమ్మలు, పలకలు, పెన్నులు, వాటన్నిటికన్నా ఎక్కువగా క్రికెట్ కార్డుల ప్యాకెట్లు. ఆ కార్డుల సంగతి తెలియనివారికి రెండు మాటల్లో చెబుతాను. అరచేయంత రేకు ప్యాకెట్‌లో ఎనిమిది కార్డులుంటాయి. ఎవరి బొమ్మలు వచ్చాయో చించేదాకా తెలియదు. డబ్బాకు ముప్పై ఆరు ప్యాకెట్లు. వాటిలో ఏ రెండు మూడింటిలోనో మెరుపు కార్డు ఉంటుంది. దానికి ప్యాకెట్ ధరకు ఎన్నో రెట్లు పలుకుతుంది. అది కావాలని పిల్లలకన్నా పెద్దవాళ్లే ఎక్కువ కొంటారు. నేను పనిచేస్తున్న పామాయిల్ తోటల ఆఫీసులో ఉద్యోగం పోయి ఆ దుకాణంలో చేరేనాటికి నాకు ముప్పై ఎనిమిదేళ్లు. రాఘవరావు గారి మనుమడు కార్డులమ్మడమా అని ఎవరూ అడగలేదు. అడగకపోవడమే నాకు ఎక్కువ నొప్పి కలిగించింది.

మొదటి రోజంతా నేను కౌంటరు పక్కన నిలబడే ఉన్నాను. హీరమ్మ మధ్యాహ్నం దాకా ఊరుకుని, ఎత్తుపీట ఒకటి నా వైపు కాలితో నెట్టింది.

"కూసో దొరా. గట్ల నిలబడితే గిరాకంత పోలీసోళ్లొచ్చిన్రనుకుంటది."

"నాకు నిలబడటమే అలవాటు," అన్నాను.

"గట్లనా? అయితే పైన బూజు దులుపు. పొడుగున్నవ్ గద."

నేను ఆమెను ఏమని పిలవాలో తేల్చుకోలేక ఏమీ పిలవకుండానే నెలలు గడిపాను. ఆమె మాత్రం మొదటి రోజు నుంచీ నన్ను 'దొరా' అనేది. అందులో ఎగతాళి ఎంతో, పాత అలవాటెంతో నాకు ఎప్పుడూ అంతుపట్టలేదు.

చేరిన వారానికి ఒక కొత్త ఏజెంటు వచ్చి, డబ్బా లేకుండా విడిగా ఉన్న ప్యాకెట్లు ఒక సంచి నిండా కౌంటరు మీద కుమ్మరించాడు. తక్కువ ధరకే ఇస్తానన్నాడు. హీరమ్మ బేరమాడలేదు. గోడ వైపు చూస్తూ, ఒక్కొక్క ప్యాకెట్ మీద వేలు నడిపిస్తూ కొన్నిటిని కుడికీ, కొన్నిటిని ఎడమకీ పెట్టింది. చివరికి ఎడమ కుప్ప అతని వైపు తోసి, "ఇవన్ని ఒకపారి ఇప్పినయ్," అంది. అతను దేవుళ్లందరి మీదా ఒట్టేశాడు. ఆమె తన డబ్బులతోనే ఎడమ కుప్పలోంచి ఒకటి కొని అతని ముందే చించింది. ఎనిమిది కార్డుల్లో ఒకే ఆటగాడు రెండుసార్లున్నాడు. "మిషన్ గిట్ల పెట్టదు బిడ్డా. మనిషే పెడ్తడు," అంది. అతను సంచి సర్దుకుని వెళ్లిపోయాడు.

దొంగతనమంటే గోడ దూకడం, తాళం పగలగొట్టడం అని మాత్రమే తెలిసినవాణ్ని. రేకు అతుకును ఓపికగా విప్పి, ఒక్క కార్డు తీసి మరొకటి పెట్టి, మళ్లీ వేడి చేసి అతికించే మనుషులుంటారని ఊహించలేదు. అంత పనితనం ఉన్నవాడు దానితో వేరే ఏదైనా చేసుకోవచ్చు గదా అన్నాను. హీరమ్మ నవ్వి నా చేతిలో రెండు ప్యాకెట్లు పెట్టింది. "కండ్లు మూసుకో. ఏది మంచిదో చెప్పు."

చెప్పలేకపోయాను. చెప్పగలగడానికి నాకు ఏడాది పట్టింది. ముందు డబ్బా చూడాలి: దాని మీద పలచటి పారదర్శకమైన పొర బిగుతుగా, చిరగకుండా ఉండాలి. తరువాత ప్యాకెట్ మూతి. మిషన్ ఒత్తిన చోట సన్నటి పళ్ల గీతలు ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒకే లోతులో ఉంటాయి. ఇంట్లో వేడి చేసి ఒత్తితే ఒకచోట లోతుగా, ఒకచోట చదునుగా ఉండి, అక్కడ రేకు నూనె పూసినట్టు మెరుస్తుంది. తరువాత వీపు అతుకు. జిగురు పూసి అతికించినదైతే వేలికి గరుకుగా తగులుతుంది. లోపలి గాలి కూడా చూడాలి. మంచి ప్యాకెట్‌ను మెల్లగా నొక్కితే గాలి ఎదురు నెడుతుంది. విప్పినది నొక్కితే అలాగే కుంగిపోతుంది. "కన్ను మోసపోతది దొరా. యేలుకు సిగ్గుండదు, అన్ని అడుగుతది," అనేది ఆమె.

ఈ విద్య ఎక్కడ నేర్చుకున్నావని ఒకసారి అడిగాను. గిరాకీ లేని ఒక వానరోజు. ఆమె చాయ్ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని చెప్పింది. కొత్తగా పెళ్లయిన రోజుల్లో ఆమె తునికాకు కల్లంలో కట్టలు చూసే పని చేసిందట. ఆడవాళ్లు తెల్లవారుజామునే అడవికి పోయి ఆకు కోసి, యాభై ఆకులకు ఒక కట్ట చొప్పున నారతో కట్టి కల్లానికి తెస్తారు. ఒక్క ఆకు తక్కువున్నా కట్ట పక్కన పడేయాలి. వేలాది కట్టలు విప్పి చూసే తీరిక ఎవరికి? అందుకని చేత్తో పట్టి చెప్పాలి.

"ఒకపారి ఇప్పి కట్టిన కట్టకు నార మీద పాత ముడి మడత ఉంటది. కొత్త ముడి పక్కనే. కండ్లకు కానరాదు, యేలుకు దొరుకుతది. ఈ రేకు పాకిట్లు గూడ గంతే. ఆకు పోయి బొమ్మలొచ్చినయ్."

"అది ఎవరి కల్లం?" అన్నాను.

ఆమె గ్లాసు కింద పెట్టింది. "మీ తాతదే."

నాకు సంతోషమే వేసింది. మా తాత గారి దగ్గర పనిచేసిన మనిషి దగ్గరే నేను పనిచేస్తున్నానన్నమాట. ఆయన ఎంత ఖచ్చితమైనవారో ఆమె నోటితో వినాలనిపించింది. "అన్ని కట్టలూ చూసేదానివా?"

"అన్ని సూసేది. ఎర్ర లక్క ముద్దరేసిన మోపులొచ్చేటియి, మీ ఇంటి తోట నుంచి. గవి మాత్రం ముట్టకపోయేది. ముట్టుడు తప్పంట."

"మరి? అది ఇంటి మర్యాద."

"అవ్," అంది హీరమ్మ. "మా తండా ఆడోళ్ల కట్టలు మూడుపార్లు సూపిచ్చెటోళ్లు. గవి ఒక్కపారి గూడ సూడలే. ఒకనాడు నేను ఊకెనే చెయ్యి పెట్టిన. నలభై ఆకులే ఉన్నయ్ కట్టకు. బీడీ కంపెనోళ్లకు మాత్రం యాభై లెక్కనే అమ్మేటోళ్లు."

నా చాయ్ గ్లాసు కౌంటరు మీద పెట్టేశాను. "మా తాత గారు అలాంటివారు కారు."

"నేను మీ తాతను ఏమన్లే దొరా. ఆకుల లెక్క చెప్పిన. కూసో, చాయ్ సల్లారుతాంది."

కూర్చోలేదు. ఆ రోజంతా బూజు లేని చోటల్లా బూజు దులిపాను. ఆమె పొరబడి ఉంటుందని, లేదా ఏ పనివాడో చేసి ఉంటాడని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

ఆ తరువాతి సంవత్సరం మా నాన్న ఒక మాటన్నారు. కార్డుల డబ్బాలు సత్తుపల్లి ఏజెంటు దగ్గర దొరుకుతాయట. తానే వెళ్లి తీసుకుని, నేను కొత్తగూడెం నుంచి ఇంటికి వచ్చినప్పుడు నా చేత దుకాణానికి పంపుతానన్నారు. డెబ్బై ఏళ్ల వయసులో ఆయన ఒక పని చేస్తాననడం నాకు ఆశ్చర్యమూ గర్వమూ కలిగించింది. హీరమ్మ సరేనంది. మొదటి డబ్బా తెల్లటి గుడ్డలో మూటగట్టి, ముడి మీద ఎర్రలక్కతో, మా ఇత్తడి ముద్రతో వచ్చింది. ఏడాదికోసారి బియ్యం సంచికి తప్ప బయటికి రాని ఆ ముద్ర మళ్లీ పని చేయడం చూసి, మూటను రెండు చేతులతో పట్టుకుని తెచ్చాను.

కౌంటరు మీద పెట్టి, "ఇది మా నాన్న గారు పంపినది. చూడవలసిన పని లేదు," అన్నాను.

హీరమ్మ మూట వైపు చూసింది. తరువాత నా వైపు. "సరే దొరా," అని, దాన్ని తీసుకుని పై అరలో, ఆమె రోజూ అగరుబత్తి వెలిగించే అమ్మవారి పటం పక్కన పెట్టింది. డబ్బు మాత్రం అప్పుడే చేతిలో పెట్టింది. ముందు పాత సరుకు అమ్ముదామంది. రెండు నెలలకొక డబ్బా చొప్పున మూడు మూటలు ఆ అరలో చేరాయి. మా ఇంటి మూటలను పటం పక్కన పెట్టిందంటే మా పరువు తెలిసిన మనిషి అనుకున్నాను. దుకాణంలోకి అడుగుపెట్టగానే రోజూ ఒకసారి అటు చూసి వీపు నిటారుగా చేసుకునేవాణ్ని.

తీజ్ పండుగకు హీరమ్మ నాలుగు రోజులు తండాకు వెళ్లింది. రెండో రోజే కింది సరుకు అయిపోయింది. మధ్యాహ్నం స్వప్న వచ్చింది. ఆమె గవర్నమెంటు దవాఖానాలో నర్సు. జీతం వచ్చిన ప్రతి నెలా రెండు ప్యాకెట్లు కొనేది. దుమ్ముగూడెం బదిలీ అయిందట, అక్కడ ఇవి దొరకవట, పది ప్యాకెట్లు కావాలంది.

"ఇంట్ల అందరు నవ్వుతున్రు సార్. పోరగాళ్లు ఆడుకునేటియి నీకెందుకే అని. కప్తాన్ది మెరుపు కార్డు ఒక్కటొస్తే ఇగ బంద్ చేస్త."

"ఈసారి మా ఇంటి నుంచి వచ్చిన డబ్బాలోంచి ఇస్తాను," అన్నాను. పీట ఎక్కి మొదటి మూట దించాను. లక్క పగలగొట్టి గుడ్డ విప్పాను. డబ్బా మీద పారదర్శకమైన పొర లేదు. దారిలో చిరిగి ఉంటుంది, నాన్న తీసేసి ఉంటారు అనుకున్నాను. ఆమెకు ఒక మంచి ప్యాకెట్‌ను ఎలా గుర్తించాలో నేర్పుతానని, "ఇలా వేలు నడపాలి. కళ్లు మూసుకో," అన్నాను. నేనూ మూసుకున్నాను.

వేలు ఆగిపోయింది.

కళ్లు తెరిచి చూశాను. మూతి మీద పళ్ల గీతలు ఉన్నాయి. అవి మిషన్ గీతలు కావు. ఒకచోట లోతుగా, ఒకచోట తేలికగా ఉన్నాయి. మధ్యలో ఒకచోట గోరు వెడల్పున గీతే లేదు. రెండో ప్యాకెట్ తీశాను. అక్కడే, అంతే ఖాళీ. మూడోది. నాలుగోది. నా ఎనిమిదో ఏట మా ఇత్తడి ముద్రను నడవలో బండ మీద పడేశాను. ముద్ర చుట్టూ పళ్లలా ఉండే రవ్వల అంచులో ఒక చోట నొక్కు పడింది. నాన్న నన్ను రెండు దెబ్బలు వేశారు. ఆ నొక్కు వెడల్పు నాకు నా గోరుకన్నా బాగా తెలుసు. ముద్రను కాల్చి, దాని అంచును చక్రంలా రేకు మీద దొర్లించారు.

"ఏమైంది సార్? బీపీ డౌన్ అయిందా? కూసోండి," అంటోంది స్వప్న.

"లేవు," అన్నాను. "అమ్మడానికి లేవు."

"అయ్యో, చేతిలనే పట్టుకున్నరు గద!"

"ఇవి అమ్మేవి కావు."

ఆమె నా మొహం చూసింది. మంచినీళ్ల సీసా కౌంటరు మీద పెట్టి వెళ్లిపోయింది. నేను షట్టరు దించి, దొరికిన బస్సు ఎక్కి అశ్వారావుపేట వెళ్లాను. దారి పొడవునా పామాయిల్ గెలలు మోస్తున్న ట్రాక్టర్లు బస్సుకు అడ్డం వస్తూనే ఉన్నాయి. దిగేదాకా నా చేతిలో ఆ ప్యాకెట్ ఉందని కూడా గమనించలేదు.

నాన్న ముందు గదిలో ఉన్నారు. బల్ల మీద స్పిరిట్ దీపం, పక్కన ముద్ర, దాని పక్కన విప్పిన రేకులు వరుసగా పరిచి ఉన్నాయి. మా తాత గారి భోజనపు పళ్లెం పెట్టినంత శ్రద్ధగా పరిచారు. దాచాలని కూడా ఆయనకు తోచలేదు. గదంతా కాగిన ప్లాస్టిక్ వాసన.

"మెరుపు కార్డులు ఏం చేస్తున్నారు?" అన్నాను.

"హైదరాబాదుల ఒకడున్నడు, కొంటడు. పోస్టుల పంపుత."

"నాన్నా, ఇది..."

"ఏంది ఇది? ఆడుకునే బొమ్మలు. వాళ్లకు ఎనిమిది కాయితాలు ముట్టినయా లేదా?" ఆయన దీపం వత్తి సరిచేశారు. "పైసలు లేవని భద్రాచలం కల్యాణానికి మన ఇంటి నుంచి తలంబ్రాల బియ్యం నా చేతుల మీద ఆగిపోవాల్నా? మీ తాత ఎట్ల పంపిండు, ఏం చేసి పంపిండు, నువ్వు ఎన్నడన్న అడిగినవా?"

నలభై ఆకులే ఉన్నాయన్న హీరమ్మ మాట నా చెవిలో మళ్లీ వినిపించింది.

"ఎవరైనా చూస్తే?" అన్నాను. సిగ్గుపడవలసిన ప్రశ్న అది. నా నోట మొదట అదే వచ్చింది.

నాన్న నన్ను జాలిగా చూశారు. "మన ముద్దర ఉన్నదాన్ని ఇప్పి చూసెటోడు ఎవడు రా?"

నేను నిలబడే ఉన్నాను. కూర్చోమని ఆయన అనలేదు. ఎంతమంది కొని ఉంటారు, ఎంతమంది చించి చూసి ఉంటారు అని లెక్క వేయబోయాను. అప్పుడు గుర్తొచ్చింది: మూడు మూటలూ పై అరలోనే ఉన్నాయి. మొదటి దాని లక్క పగలగొట్టింది నేనే, ఆ రోజే. ఒక్క ప్యాకెట్ కూడా ఎవరి చేతికీ పోలేదు.

హీరమ్మ తండా నుంచి తిరిగి వచ్చేసరికి మూడు డబ్బాలూ కౌంటరు మీద పెట్టి, వాటి వెనక నిలబడ్డాను. "విప్పినవి. మా ఇంట్లోనే," అన్నాను.

"నాకెరుకే," అంది ఆమె, చేతిసంచి దించుతూ.

"ఎప్పటి నుంచి?"

"మొదటి మూట తెచ్చిననాడే. నువ్వు చాయ్ చెప్పను పోయినవ్. గుడ్డ మీదకెల్లి డబ్బా తడిమిన, పైపొర లేదు. గుడ్డ సందుల రెండు వేళ్లు పెట్టి ఒక పాకిట్ గుంజిన, సూసిన, మళ్ల పెట్టిన. లక్క పగలకుండ చెయ్యి పెట్టుడు నాకు రాదా? మీ తాత కల్లంల నేర్చుకున్నదే."

"మరి పటం పక్కన ఎందుకు పెట్టావు?"

"గంత పైకి పోరగాళ్ల చెయ్యందదు. నా చెయ్యి గూడ అందదు. పీటెక్కాలె." ఆమె నవ్వింది. తరువాత నవ్వు ఆపింది. "నేను చెప్తే నమ్మెటోనివా? తాతను అన్నందుకే నాతోటి వారం మాట్లాడలే. నీ యేలుకు నువ్వే దొరకబట్టాలె. అందుకే ఆగిన. అమ్మకుండ ఆగిన, గంతే. కూసో, వేణూ."

వేణుగోపాలరావు నా పేరు. దాన్ని ఆమె నోట వినడం అదే మొదటిసారి. కూర్చున్నాను. ఆ దుకాణంలో నేను కూర్చోవడం కూడా అదే మొదటిసారి.

ఆ మధ్యాహ్నం ఇద్దరం కలిసి నూటెనిమిది ప్యాకెట్లూ చించాము. కార్డులన్నీ ఒక పళ్లెంలో పోసి, 'విప్పినవి, ఊరికే తీసుకోండి' అని అట్ట మీద నా చేతే రాయించింది. ఎవరు విప్పారని అడిగినవాళ్లకు ఆమె జవాబు చెప్పకముందే "మా ఇంట్లో" అని నేను చెప్పాను. మొదటిసారి చెప్పినప్పుడు చెమటలు పట్టాయి. పదోసారికి అది మామూలు మాటలా వచ్చింది. మరుసటి వారం కొత్త డబ్బా రాగానే హీరమ్మ దాన్ని నా ముందుకు జరిపి, "ముందు నేను తెచ్చింది చూడు. నా మొగం చూడకు, పాకిట్ చూడు," అంది. అప్పటి నుంచి అదే పద్ధతి. ఏజెంట్లవి తరువాత, ఆమెవి ముందు. స్వప్నకు దుమ్ముగూడెం పది ప్యాకెట్లు పోస్టులో పంపాము. కప్తాను రాలేదని ఫోను చేసి నవ్వింది.

మరుసటి ఏడు తలంబ్రాల బియ్యం నేను తీసుకెళ్లాను, నా జీతంతో కొన్నవి. నాన్న రాలేదు, మాట్లాడలేదు. సంచి మూతికి తాడు మాత్రమే కట్టాను. భద్రాచలంలో బియ్యం తీసుకునే అతను తాడు విప్పి, లోపల చెయ్యి పెట్టి, గుప్పెడు బియ్యం వేళ్ల సందుల్లోంచి జార్చి చూసి, కుప్పలో పోశాడు. నా పేరు అడగలేదు. నా ముందున్నవాళ్లవీ, నా వెనకున్నవాళ్లవీ అలాగే చూశాడు. ముద్ర వేసి వచ్చే సంచులను ఇన్నేళ్లూ ఏం చేసేవారని అతన్ని అడిగాను. "ముద్దరయితే ఏంది సార్, ఇప్పకుంట ఎట్ల పోస్తం?" అన్నాడు.

హీరమ్మను నేను చివరిదాకా 'అక్కా' అని పిలవలేదు. పిలవాలని రోజూ అనుకునేవాణ్ని. ఆమె పోయాక దుకాణం నేను నడుపుతున్నాను. ఉదయం షట్టరు ఎత్తగానే ముందు నేను తెచ్చిన డబ్బా తీసి, గోడ వైపు చూస్తూ, ఒక్కొక్క ప్యాకెట్ మీద వేలు నడుపుతాను.

నాన్న చనిపోయిన ఏడాది ఇత్తడి ముద్రను ఖమ్మంలో పాతసామాన్ల కొట్టులో తూకానికి అమ్మాను. మూడు వందల గ్రాములకు కొంచెం తక్కువ తూగింది.